పూడిక పేరిట ఒడ్డుకు గోతులు

గోదావరిలోకి యంత్రాలు దిగిన ప్రతిసారీ అధికారులు ఒకటే పాట అందుకుంటారు: ఇది ఇసుక తవ్వకం కాదు, పూడికతీత, నది లోతైతే వరద తేలిగ్గా పోతుంది, లంకలకు కోత తగ్గుతుంది. ఇళ్లు కట్టుకునేవారికి ఇసుక కావాలి, కాదనం. ధవళేశ్వరం బ్యారేజీ ఎగువన మేటలు వేసిన మాటా నిజమే. కానీ తవ్వితే ఒడ్డు నిలుస్తుందనడం పచ్చి బుకాయింపు.

ఒడ్డును మోసేది దాని అడుగునున్న ఇసుకే. లారీలకెత్తే ర్యాంపు దగ్గర ఆ ఇసుకను తోడేస్తే గట్టు నిట్టనిలువుగా మిగులుతుంది. వరదకు నానిన మట్టి బరువెక్కినా, నీరు ఆనుకుని ఉన్నంతసేపు ఎలాగో నిలబడుతుంది. నీరు తీసిందా, ఆ ఊతం పోయినట్టే. వరద తగ్గాక కూడా కొబ్బరిచెట్లు ఏట్లోకి కూలేది ఇందుకే. గోతిలో ఇసుకను వదిలేసి కదిలిన నీరు, దిగువన మరో రైతు చేనును కోసి ఆ లోటు పూడ్చుకుంటుంది.

అసలు గుట్టు వేరు. ఇసుక తవ్వకానికి పర్యావరణ అనుమతి కావాలి. విస్తీర్ణం ఐదు హెక్టార్ల లోపున్నా తప్పదని 2012లో సుప్రీంకోర్టు చెప్పింది. బ్యారేజీలు, నదుల నిర్వహణ కోసం తీసే పూడికకు మాత్రం 2016 నాటి కేంద్ర నోటిఫికేషన్ మినహాయింపునిచ్చింది. పేరు మారిస్తే అనుమతి బెడద ఉండదన్నమాట! నిజంగా పూడికే అయితే తీయకముందు, తీశాక నది అడుగు ఎంత ఎత్తున ఉందో కొలతలేవి? లారీలకెక్కేది బురద కాకుండా కాంక్రీటుకు పనికొచ్చే ముతక ఇసుకే ఎందుకవుతోంది?

నష్టం ఒడ్డుతో ఆగదు. సముద్రం నుంచి ఎదురీదుతూ గుడ్లు పెట్టడానికి వచ్చే పులస చేప దారి 1852లో పూర్తయిన కాటన్ ఆనకట్టతోనే కుదించుకుపోయింది. మిగిలిన ఆ కాస్త పాయనూ ఇప్పుడు యంత్రాలు కలచివేస్తున్నాయి. పుస్తెలమ్మైనా పులస తినాలని మురిసే మనం, అది ఈదే నీటి సంగతి మాత్రం అడగం. ఒడ్డు చెట్ల వేళ్ల సందుల్లో తలదాచుకునే చేపపిల్లలకు గట్టు విరిగితే దిక్కేది?

ఒడ్డు నిలవాలంటే నీటి ఒరవడిని మళ్లించే అడ్డుగట్లు (గ్రోయిన్లు) కట్టాలి, గట్టు వాలుకు రాతి తొడుగు (రివిట్‌మెంట్) వేయాలి, దానిపైన వట్టివేరు, రెల్లు నాటాలి. కానీ ఒక శాఖ రాళ్లు పేరుస్తుంటే మరో శాఖ వాటి కింది ఇసుకను లారీలకెత్తిస్తే, ఆ రాళ్లన్నీ గోతిలోకే జారతాయి. ఒడ్డు పక్కన యంత్రాలను ప్రభుత్వం తక్షణం ఆపించాలి. పూడిక కొలతలను లంక గ్రామాల పంచాయతీ కార్యాలయాల్లో అతికించాలి. అంతవరకు పూడికతీత పేరిట ఒక్క లారీ కూడా కదలడానికి వీల్లేదు.