ఓడిన రాత్రి మైకు ముందు ఏం చెప్తారు?

ఒక ప్రశ్నతో మొదలుపెడదాం. ఇంటర్వ్యూలో "సెకండియర్‌లో రెండు బ్యాక్‌లాగ్‌లు ఉన్నాయి, ఏమైంది?" అని అడిగారనుకోండి. మీ నోటి నుంచి వచ్చే మొదటి వాక్యం ఏది? ఇంటికెళ్ళాక ఆలోచించి రాసుకునేది కాదు. అక్కడికక్కడ, ఏసీ గదిలో చెమట పడుతుండగా వచ్చే మొదటి వాక్యం.

నా మొదటి ఇంటర్వ్యూలో ఇలాంటిదే అడిగారు. ఫైనలియర్ ప్రాజెక్టు సగంలో ఎందుకు ఆగిపోయిందని. నేను దంచేశాను. టీమ్‌లో నలుగురం, ఇద్దరు అస్సలు రాలేదన్నాను. ల్యాబ్‌లో సిస్టమ్‌లు పనిచేయవన్నాను. గైడ్‌కి ఖాళీ ఉండదన్నాను. అందులో ఒక్క అబద్ధం లేదు. ఎదురుగా ఉన్న ఆయన ఓపిగ్గా విని, "ఓకే, థాంక్యూ" అన్నారు. అంతే. ఆ కంపెనీ నుంచి మళ్ళీ మెయిల్ రాలేదు.

ఆ సాయంత్రం వన్ టౌన్‌లో కురుపాం మార్కెట్ దగ్గర టీ తాగుతూ ఇదంతా మా ఫ్రెండ్‌కి చెప్పాను. వాడు ఫుట్‌బాల్ పిచ్చోడు. అర్ధరాత్రి పన్నెండున్నరకి మొదలయ్యే మ్యాచ్‌లు మొబైల్లో చూసి, పొద్దున్నే ఎర్రటి కళ్ళతో తిరిగే రకం. అంతా విని ఒకటే అన్నాడు: "ఏట్రా, ఇంతసేపు చెప్పేవు. అందులో నువ్వేటి చేసేవో ఒక్క ముక్క లేదు. రాత్రి మా కోచ్ కూడా ఇంతే. రిఫరీ, గాలి, గ్రౌండు... ఆయన తప్ప అందరూ ఉన్నారు."

నాకు కోపం వచ్చింది. తర్వాత సిగ్గేసింది. ఆ తర్వాత నుంచి మ్యాచ్‌ల కంటే మ్యాచ్ తర్వాత కోచ్‌ల ప్రెస్‌మీట్లే ఎక్కువగా చూడటం మొదలుపెట్టాను. ఇంటర్వ్యూకి ప్రిపేర్ అయ్యే మీకు ఇంతకంటే మంచి పాఠం యూట్యూబ్‌లో లేదని నా అభిప్రాయం. ఎందుకో చెప్తాను.

నలుగురు వింటుంటారు

పెద్ద లీగుల్లో మ్యాచ్ ముందు రోజు ఒకసారి, మ్యాచ్ అయ్యాక ఒకసారి కోచ్ మీడియా ముందు కూర్చోవాలి. అది ఆయన ఇష్టం కాదు, ఉద్యోగంలో భాగం. వెనకాల స్పాన్సర్ల బోర్డు ఉంటుంది. ఓడిపోయిన వేడి తగ్గక ముందే, ఆట వీడియో మళ్ళీ తీరిగ్గా చూసుకోక ముందే జవాబు చెప్పాలి. ప్రశ్న ఎదురుగా ఉన్న విలేకరిదే. కానీ జవాబు వినేది నలుగురు: విలేకరి, డ్రెస్సింగ్ రూమ్‌లో ఉన్న ఆటగాళ్ళు, జీతం ఇచ్చే యాజమాన్యం, ఇంట్లో కూర్చున్న ఫ్యాన్స్. ఒకే వాక్యం ఆ నలుగురికీ నాలుగు రకాలుగా వినిపిస్తుంది.

మీ ఇంటర్వ్యూ కూడా అంతే. ప్యానెల్‌లో టెక్నికల్ ఆయనకి మీకు ఏం వచ్చో కావాలి. హెచ్ఆర్‌కి మీరు ఎన్నాళ్ళుంటారో కావాలి. రేపు మీ పక్క సీట్లో పనిచేయబోయే టీమ్ లీడ్ ఆలోచన వేరు: "రేపు ప్రాజెక్టు చెడితే వీడు నా పేరే చెప్తాడా?" నా మొదటి ఇంటర్వ్యూలో నేను పోగొట్టుకున్నది ఆ మూడో మనిషిని.

కోపం ఉండొచ్చు, అంతా కక్కేయక్కర్లేదు

మన తెలుగు నేలకి దగ్గరి ఉదాహరణ తీసుకుందాం. హైదరాబాద్ ఎఫ్‌సీ తన మొదటి ఐఎస్ఎల్ సీజన్‌లో, అంటే 2019-20లో, అట్టడుగున నిలిచింది. ఆ తర్వాత స్పెయిన్ నుంచి మనోలో మార్కెజ్ కోచ్‌గా వచ్చాడు. మరుసటి సీజన్‌లో అయిదో స్థానం. 2022 మార్చి 20న గోవాలో కేరళ బ్లాస్టర్స్ మీద పెనాల్టీల్లో గెలిచి ఏకంగా కప్పు. అదే మనోలో 2024లో భారత జట్టు కోచ్ అయ్యాడు. 2025 మార్చి 25న షిల్లాంగ్‌లో, ర్యాంకుల్లో మనకంటే ఎంతో కిందున్న బంగ్లాదేశ్‌తో మన జట్టు 0-0 డ్రా చేసుకుంది. ఆ రాత్రి ప్రెస్‌మీట్‌లో ఆయన దాచలేదు. చాలా కోపంగా, నిరాశగా ఉందన్నాడు. మనసులో ఉన్నదంతా ఇప్పుడు చెప్పకపోవడమే మంచిదన్నట్టు మాట్లాడాడు.

దీన్ని ఫ్యాన్స్ రెండు రకాలుగా తీసుకోవచ్చు. నిజాయితీగా ఉన్నాడు అనుకోవచ్చు. కుర్రాళ్ళని బయటపెట్టాడు అనీ అనుకోవచ్చు. నాకు మాత్రం ఆయన రెండో మాట నచ్చింది. కోపం ఉందని ఒప్పుకోవడం వేరు, దాన్ని పేర్లతో సహా బల్ల మీద కుమ్మరించడం వేరు. ఇంటర్వ్యూలో "ఆ ప్రాజెక్టు విషయంలో నాకూ చాలా బాధగా ఉంది సర్" అనొచ్చు. "ఫలానా వాడి వల్లే" అనక్కర్లేదు.

ఆయనకంటే ముందున్న ఇగోర్ స్టిమాచ్ కథ చూడండి. 2024 జూన్ 11న దోహాలో ఖతార్‌తో మ్యాచ్. బంతి గీత దాటి బయటికి వెళ్ళినా గోల్ ఇచ్చేశారు. 2-1తో ఓడిపోయాం, ప్రపంచకప్ క్వాలిఫయర్స్‌లో ముందుకెళ్ళే దారి మూసుకుపోయింది. అన్యాయమే, కాదనలేం. జూన్ 17న ఆయన్ని తీసేశారు. కొద్ది రోజులకే ఆయన ఆన్‌లైన్‌లో ప్రెస్‌మీట్ పెట్టి సమాఖ్య మీద ఉన్నదంతా చెప్పాడు. అందులో చాలా విషయాలు మన ఫుట్‌బాల్ అభిమానులు ఎప్పట్నుంచో మొత్తుకుంటున్నవే. అయినా వినేవాడికి వచ్చే అనుమానం ఒకటుంది: "ఇవన్నీ కుర్చీలో ఉన్నప్పుడు ఇంత గట్టిగా ఎందుకు చెప్పలేదు?" పోయిన ఉద్యోగం గురించి, పాత కాలేజీ గురించి మీరు చెప్పే నిజాలకి కూడా ఇదే గతి. నిజమే అయినా అక్కసులా వినిపిస్తుంది.

మరి తప్పు నిజంగా మనది కాకపోతే?

ఇక్కడ మీరు నన్ను అడ్డుకోవాలి. "అన్నా, ఫ్యాకల్టీయే లేని కాలేజీలో చదివాను. ఫీజు రీయింబర్స్‌మెంట్ రాక సర్టిఫికెట్లు ఆపేశారు. ఇది కూడా నా తప్పేనా?" కాదు. కచ్చితంగా కాదు. 'అన్నిటికీ నాదే బాధ్యత' అని తల వంచుకోమని చెప్పేవాళ్ళ మాట నేనూ నమ్మను. అలా చెప్పించడం వల్ల లాభపడేది అసలు బాధ్యులే.

దీనికీ హైదరాబాద్ ఎఫ్‌సీయే ఉదాహరణ. కప్పు గెలిచిన రెండేళ్ళకే, 2023-24 సీజన్‌లో క్లబ్ డబ్బుల్లేక కుదేలైంది. జీతాలు అందక ఆటగాళ్ళు వెళ్ళిపోయారు. విదేశీ ఆటగాళ్ళూ వెళ్ళిపోయారు. మిగిలిన కుర్రాళ్ళతో సీజన్ లాగినవాడు కోచ్ థాంగ్‌బోయ్ సింగ్టో. 22 మ్యాచ్‌ల్లో గెలిచింది ఒక్కటి. లీగ్‌లో ఆఖరి స్థానం. ఆ మనిషి కుర్చీలో మిమ్మల్ని ఊహించుకోండి. వారం వారం ఓడి, మైకు ముందు కూర్చోవాలి. జీతాల సంగతి దాస్తే అది అబద్ధం. దాని గురించే మాట్లాడితే ఆ కుర్రాళ్ళు ఆడిన ఆటకి విలువే లేదన్నట్టు.

ఈ ముడి విప్పడానికి నాకు తోచిన కొలత ఇది. పరిస్థితికి ఒక్క వాక్యం. అందులో నా వంతుకి ఒక్క వాక్యం. తర్వాత నేను ఏం చేశానో రెండు, మూడు వాక్యాలు. "మా కాలేజీలో ఆ సబ్జెక్టుకి ఏడాదంతా లెక్చరర్ లేరు. నేను కూడా పరీక్ష దగ్గరపడేదాకా పట్టించుకోలేదు. ఫెయిలయ్యాక ఆన్‌లైన్ కోర్సు చూసి, పాత పేపర్లు చేసి, తర్వాతి అటెంప్ట్‌లో పాసయ్యాను." చూడండి, అన్యాయం మాయమవ్వలేదు. కానీ ఆ కథలో మీరూ ఉన్నారు. వినేవాడికి కావాల్సింది అదే.

చప్పట్లని నమ్మొద్దు

ఇప్పుడు ఫ్యాన్స్ సంగతి. 2023 మార్చి 3న బెంగళూరులో ఐఎస్ఎల్ నాకౌట్ మ్యాచ్. బ్లాస్టర్స్ వాళ్ళు గోడ కట్టుకోక ముందే సునీల్ ఛెత్రి ఫ్రీకిక్ కొట్టేశాడు, రిఫరీ గోల్ ఇచ్చాడు. బ్లాస్టర్స్ కోచ్ ఇవాన్ వుకమనోవిచ్ జట్టు మొత్తాన్ని మైదానం బయటికి తీసుకెళ్ళిపోయాడు. సమాఖ్య క్లబ్‌కి 4 కోట్ల రూపాయలు, ఆయనకి 5 లక్షలు జరిమానా వేసింది. ఆయన మీద 10 మ్యాచ్‌ల నిషేధం పెట్టింది. ఇద్దరినీ బహిరంగ క్షమాపణ చెప్పమంది, చెప్పారు. ఫ్యాన్స్ మాత్రం ఆయన్ని నెత్తిన పెట్టుకున్నారు. నిషేధం ముగిసి అక్టోబరులో తిరిగొచ్చిన రోజు కొచ్చి స్టేడియం హోరెత్తిపోయింది.

ఆ ప్రేమ తప్పని నేను అనను. కానీ చప్పట్లు కొట్టినవాళ్ళెవరూ ఆ 4 కోట్లు కట్టలేదు. ప్యానెల్‌తో మీరు వాదించిన కథ వాట్సాప్ గ్రూపులో పెడితే "భలే ఇచ్చావ్ మామా" అని పాతిక మెసేజ్‌లు వస్తాయి. ఆఫర్ లెటర్ ఆ గ్రూపు ఇవ్వదు.

ఇంకో మాట, ఇది మనందరికీ. పావుగంట ప్రెస్‌మీట్‌లోంచి ఇరవై సెకన్లు కత్తిరించి రీల్ చేస్తారు. టెక్ బ్లాగ్ రాసేవాడిగా చెప్తున్నా, కోపంగా ఉన్న ఇరవై సెకన్లే ఎక్కువమందికి చేరతాయి. అది చూసి మనం ఒక మనిషి పనికిరాడని అర్ధరాత్రి తీర్పు ఇచ్చేస్తాం. పొద్దున్నే లేచి, "ఒక్క జవాబు సరిగ్గా చెప్పలేదని నన్ను రిజెక్ట్ చేశారు, ఇదేం న్యాయం?" అంటాం. రెండూ ఒకటే కదా? ఇంటర్వ్యూ చేసేవాళ్ళ నుంచి మనం కోరుకునే ఓపిక, ఓడిన కోచ్‌కి కూడా కాస్త ఇద్దాం.

మాట బాగుంటే ఉద్యోగం గ్యారంటీనా?

కాదు. టోటెనహామ్ కోచ్ ఏంజ్ పోస్టెకోగ్లూ 2024 సెప్టెంబరులో, ఆర్సెనల్ చేతిలో ఓడిన రోజున, తన రెండో ఏడాదిలో ఎప్పుడూ ఏదో ఒకటి గెలుస్తానన్నాడు. ఏడాదంతా జనం ఆ మాట పట్టుకుని ఆడుకున్నారు. 2025 మే 21న నిజంగానే యూరోపా లీగ్ గెలిచి చూపించాడు. 16 రోజులు తిరక్కుండానే ఉద్యోగం పోయింది. ఎందుకంటే ఇంగ్లండ్ లీగ్‌లో జట్టు 17వ స్థానంలో ఉంది. ఇచ్చిన మాట నిలబెట్టుకున్నా స్కోరుబోర్డు స్కోరుబోర్డే. మీకు కోడింగ్ రాకపోతే ఏ జవాబూ కాపాడదు. వచ్చినప్పుడు మాత్రం, చెడ్డ జవాబు దాన్ని కనబడనివ్వదు.

చివరిగా మన హైదరాబాదీ టీచర్ గురించి. సయ్యద్ అబ్దుల్ రహీమ్, 1962 జకార్తా ఆసియా క్రీడల్లో భారత జట్టు కోచ్. ఇజ్రాయెల్, తైవాన్‌లను రానివ్వలేదని మన క్రీడాధికారి జి.డి. సోంధీ ఆతిథ్య దేశాన్ని విమర్శించారు. దాంతో అక్కడి జనానికి ఒళ్ళు మండింది. మాట అన్నది ఒకరు, స్టేడియంలో అరుపులు పడింది మన కుర్రాళ్ళ మీద. పైగా మొదటి మ్యాచ్‌లోనే దక్షిణ కొరియా చేతిలో 0-2 ఓటమి. రహీమ్‌కి అప్పటికే క్యాన్సర్. సికింద్రాబాద్‌కి చెందిన తులసీదాస్ బలరాం ఉన్న ఆ జట్టు మళ్ళీ లేచింది. ఫైనల్లో అదే కొరియాని, అదే జనం కేకల మధ్య 2-1తో ఓడించి బంగారు పతకం తెచ్చింది. మరుసటి ఏడాదే రహీమ్ కన్నుమూశారు. ఓటమి గురించిన ప్రశ్నకి అసలు జవాబు తర్వాతి మ్యాచ్‌లో ఉంటుంది. మైకు ముందు మనం చేయాల్సింది, ఆ తర్వాతి మ్యాచ్‌కి టీమ్‌ని, మనల్ని మిగుల్చుకోవడం.

ఈ రాత్రి ఒక పని చేయండి. మీ రెజ్యూమేలో మీకు భయం పుట్టించే చోటు ఏదో మీకు తెలుసు. ఫోన్‌లో రికార్డర్ ఆన్ చేసి, దాని గురించి ఒక నిమిషం మాట్లాడండి. తర్వాత విని, అందులో ఎంతమంది మీద నెపం వేశారో, మీరు ఎన్నిసార్లు కనిపించారో లెక్కపెట్టండి.

నా రెండో ఇంటర్వ్యూలోనూ అదే ప్రాజెక్టు ప్రశ్న వచ్చింది. "టీమ్‌లో పని పంచడం నాకు చేతకాలేదు సర్. ఆలస్యంగా గుర్తించాను. నా భాగం వరకు తర్వాత పూర్తిచేశాను, చూపించమంటారా?" అన్నాను. ఉద్యోగం వచ్చిందా అంటే, అక్కడా రాలేదు. కానీ ఈసారి "ఓకే, థాంక్యూ" అనలేదు. ల్యాప్‌టాప్ తెరవమన్నారు.