వంద శాతం ఎందుకు? ఎనభై చాలు!



జూన్‌లో బడి తెరిచిన వారంలోనే ఒక తండ్రి, తొమ్మిదో తరగతి చదివే కొడుకును వెంటబెట్టుకుని మా కంప్యూటర్ ల్యాబ్‌కు వచ్చారు. సంచిలోంచి ల్యాప్‌టాప్ తీసి బల్ల మీద పెట్టారు. అది బల్లకు సరిగ్గా ఆనడం లేదు. అడుగుభాగం ఉబ్బింది, టచ్‌ప్యాడ్ పైకి లేచింది.

"కొని రెండేళ్లు కూడా కాలేదు సార్, ఇట్లయింది. సరుకే మంచిది కాదేమో" అన్నారాయన.

ఎలా వాడతావని అబ్బాయిని అడిగాను. "ఎప్పుడూ ఛార్జర్ పెట్టే ఉంటాది సార్. మిద్దె పైన గదిలో, పరుపు మీద పెట్టుకొని చదువుకుంటా" అన్నాడు.

ఉబ్బిన బ్యాటరీని వాడటం ప్రమాదం. వెంటనే ఆపించి, దాన్ని గుచ్చడం, నొక్కడం చేయవద్దని చెప్పి సర్వీస్ సెంటర్‌కు పంపించాను. కొత్త బ్యాటరీకి దాదాపు ఐదు వేలు అయిందట. తప్పు ఆ పిల్లవాడిది కాదు, తండ్రిది కూడా కాదు. కంప్యూటర్ కొనిచ్చారు, పాస్‌వర్డ్ పెట్టించారు. పవర్ సెట్టింగ్స్ తెరిచి చూడమని మాత్రం వాళ్లకు ఎవరూ చెప్పలేదు. చెప్పని వాళ్లలో నేనూ ఒకణ్ణి. అందుకే ఇది రాస్తున్నాను.

నా అభిప్రాయం సూటిగా చెబుతాను. మన ప్రాంతంలో ల్యాప్‌టాప్ ఉన్న ప్రతి ఇంట్లో ఛార్జింగ్‌ను 80 శాతం దగ్గర ఆపే ఏర్పాటు ఉండాలి. ఆ ఏర్పాటును షాపు వాళ్లో, నాన్నో కాకుండా పిల్లలే స్వయంగా చేయాలి.

ఎందుకంటే, ల్యాప్‌టాప్‌లలో ఉండే లిథియం అయాన్ బ్యాటరీకి రెండు పడవు. ఒకటి వేడి, రెండోది ఎప్పుడూ నిండుగా ఉండటం. 25 డిగ్రీల చల్లదనంలో, 40 శాతం ఛార్జ్‌తో ఏడాది పాటు ఊరికే పెట్టి ఉంచినా బ్యాటరీ సామర్థ్యం సుమారు 96 శాతం మిగులుతుంది. అదే బ్యాటరీని 40 డిగ్రీల వేడిలో, నిండా ఛార్జ్‌తో ఉంచితే ఏడాదికి మిగిలేది సుమారు 65 శాతమే. కర్నూలు, నంద్యాల, కడపల్లో ఏప్రిల్, మే నెలల ఎండ 40 దాటడం మనకు కొత్త కాదు. మధ్యాహ్నం మిద్దె కింద గది ఎలా ఉడుకుతుందో మీకే తెలుసు. చాలా కంపెనీలు తమ ల్యాప్‌టాప్‌ను 35 డిగ్రీల లోపు వాడమని చెబుతాయి. మన వేసవి ఆ గీత దాటి ఉంటుంది. ఎండను మనం తగ్గించలేం. నిండుగా ఉంచే అలవాటును తగ్గించగలం.

ఇంట్లో మార్చాల్సినవి నాలుగే.

1. ఛార్జింగ్ పరిమితి: లెనోవో, ఆసుస్, డెల్, హెచ్‌పీ వంటి కంపెనీల చాలా మోడళ్లలో ఈ సదుపాయం ఉంది. 'కన్జర్వేషన్ మోడ్', 'బ్యాటరీ కేర్' ఇలా ఒక్కొక్కరు ఒక్కో పేరు పెట్టారు. ఆ కంపెనీ సొంత యాప్‌లో గానీ, బయోస్‌లో గానీ కనిపిస్తుంది. ఈ సదుపాయం లేకపోతే 80 దాటాక ఛార్జర్ తీసేయండి.

2. స్క్రీన్, స్లీప్: విండోస్ 11లో సెట్టింగ్స్, అందులో సిస్టమ్, అందులో పవర్ అండ్ బ్యాటరీ తెరవండి. ఐదు నిమిషాలు ముట్టుకోకపోతే స్క్రీన్ ఆరిపోవాలి, పది నిమిషాలకు స్లీప్‌లోకి వెళ్లాలి. బ్రైట్‌నెస్ సగానికి తగ్గించండి.

3. పవర్ మోడ్: చదువుకు, టైపింగ్‌కు 'బెస్ట్ పవర్ ఎఫిషియెన్సీ' చాలు. యంత్రం తక్కువ వేడెక్కుతుంది, ఫ్యాన్ మోత కూడా తగ్గుతుంది.

4. బ్యాగులో పెట్టేటప్పుడు: మూత మూస్తే సరిపోదు. స్లీప్‌లో ఉన్న ల్యాప్‌టాప్ కొన్నిసార్లు బ్యాగులోనే మేల్కొని వేడెక్కుతుంది. షట్‌డౌన్ గానీ హైబర్నేట్ గానీ చేయాలి.

వీటితో పాటు సెట్టింగ్స్‌తో పని లేని మాట ఒకటి. పరుపు, దిండు గాలి రంధ్రాలను మూసేస్తాయి. మన ఇళ్లలో కడప బండలకు కొదవ లేదు. నీడన ఉన్న చల్లని బండ మీద, లేదా మామూలు బల్ల మీద పెట్టి వాడితే అంతకన్నా మంచి కూలింగ్ ప్యాడ్ అక్కర్లేదు.

"ఎనభై దగ్గర ఆపేస్తే, కరెంటు పోయినప్పుడు పిల్లల చదువు సంగతేంటి?" అని మీరు అడగవచ్చు. న్యాయమైన ప్రశ్నే. రేపు మరమ్మతుల కోసం కరెంటు తీస్తామని పేపర్లో వస్తే, ముందురోజు రాత్రి పరిమితి తీసేసి వంద నింపుకోండి. పని అయ్యాక మళ్లీ ఎనభైకి తెండి. నిజానికి, ఎప్పుడూ వందలో ఉంచి రెండేళ్లకు సగం బలం పోగొట్టుకున్న బ్యాటరీ కన్నా, ఎనభైలో ఆపి కాపాడుకున్న బ్యాటరీయే కరెంటు పోయిన రోజు ఎక్కువసేపు నిలబడుతుంది. మార్కుల దగ్గర వందకు వంద అడిగే బడి నుంచే ఈ మాట వస్తోందని నవ్వుకోకండి!

ఇక పిల్లల చేతే ఎందుకు చేయించాలి? నాన్న పెట్టిన సెట్టింగ్‌ను పిల్లలు రెండు రోజుల్లో మార్చేస్తారు. కారణం తెలుసుకుని తామే పెట్టుకున్న దాన్ని కాపాడుకుంటారు. పైగా కరెంటును నిల్వ చేయడం ఈ రోజు మన ప్రాంతంలో జరుగుతున్న పెద్ద పని. శకునాల, గని గ్రామాల దగ్గర 2017లో 1,000 మెగావాట్ల సోలార్ పార్కు వచ్చింది. కానీ సూర్యుడు పగలే ఉంటాడు, మన ఇళ్లలో లైట్లు వెలిగేది రాత్రి. ఆ తేడాను పూడ్చడానికే పిన్నాపురం దగ్గర పంప్డ్ స్టోరేజ్ ప్రాజెక్టు చేపట్టారు. పగటి కరెంటుతో నీటిని పై జలాశయానికి ఎక్కించి, అవసరమైనప్పుడు కిందికి వదిలి టర్బైన్లు తిప్పే పద్ధతి అది. ఒక రకంగా కొండ మీద కట్టిన బ్యాటరీ. ఇంట్లో బ్యాటరీ ఎందుకు నీరసిస్తుందో ఆలోచించిన పిల్లలకు, ఆ కొండ మీద ఏం జరుగుతుందో చెబితే ఇట్టే అర్థమవుతుంది. ఎప్పుడైనా ఆ దారిన వెళ్తే చూపించండి.

ఈ ఆదివారం ఒక్క పావుగంట మీ అబ్బాయి పక్కనో, అమ్మాయి పక్కనో కూర్చోండి. మౌస్ వాళ్ల చేతిలోనే ఉండనివ్వండి, మీరు ప్రశ్నలు మాత్రం అడగండి. విండోస్‌లో బ్యాటరీ రిపోర్ట్ ఎలా తీయాలో ల్యాబ్‌లో పిల్లలకు చూపిస్తున్నాం. అందులో రెండు అంకెలుంటాయి: 'డిజైన్ కెపాసిటీ' అంటే కొన్నప్పటి బలం, 'ఫుల్ ఛార్జ్ కెపాసిటీ' అంటే ఇప్పటి బలం. రెండూ స్కూల్ డైరీ చివరి పేజీలో తేదీ వేసి రాయించండి. వచ్చే వేసవి దాటి బడి తెరిచినప్పుడు మళ్లీ రాయించి, రెండింటి మధ్య తేడా ఎంతో వాళ్ల చేతే లెక్క కట్టించండి. ఆ డైరీలు నేను స్వయంగా చూస్తాను.

— కంప్యూటర్ విభాగం ఉపాధ్యాయుడు