చుక్కలను నమ్మి సిరా కొనువారికి

హౌరాలోని షాలిమారు స్టేషనులో ఈస్ట్ కోస్ట్ ఎక్స్‌ప్రెస్సు కదలుటకు మునుపు, హైదరాబాదునకు పయనమైన ఒక యువకుడు, తన్ను సాగనంప వచ్చిన పెద్దాయనకు చేసిన హితబోధ, ప్రక్కబల్లపై కూర్చున్న నా చెవిని బడినది. "బాబాయ్, ఒక్క ప్రింటరు కార్ట్రిడ్జి కోసం గంగ దాటి కలకత్తా చాందనీ చౌక్ దాకా ఎందుకు? ఆన్‌లైన్‌లో నాలుగు స్టార్లు దాటినదాన్ని చూసి కళ్ళు మూసుకుని ఆర్డర్ పెట్టెయ్. అన్ని వేలమంది అబద్ధం చెబుతారా?" అని అతడనగా, జీవితమంతయు గార్డెన్ రీచి రైల్వే కార్యాలయమున లెక్కలు సరిచూచి, ఒక్క సంతకము లోపించినను కాగితమును వెనుకకు పంపిన ఆ పెద్దాయన, మారుమాట లేక తల యూపెను. బండి వెడలిపోయినది గాని నా కోపము వెడలలేదు.

ఆ హితబోధ యువకుని సొంత తెలివి కాదు. ఆన్‌లైను అంగడిలో నమ్మదగిన అమ్మకందారుని ఎట్లు పోల్చుకొనవలెనని నేడు ఎవరి నడిగినను వచ్చు జవాబు అదియే: చుక్కలు లెక్కపెట్టుము, ఎక్కువ చుక్కలున్నవానివద్ద కొనుము, హాయిగా నిద్రపొమ్ము. అమ్మువాని పేరేమి, అతడే యూరివాడు, సరకు ఎచ్చట తయారైనది, చెడినచో ఎవని తలుపు తట్టవలెను అని అడుగువాడు వీరి దృష్టిలో చాదస్తుడు, కాలజ్ఞానము లేనివాడు. వర్జ్యము చూచి ప్రయాణము మానుకొన్న తాతలను కడుపుబ్బ నవ్వి ఎగతాళి చేయు ఈ విద్యావంతులు, ముఖమైనను ఎరుగని జనులు అతికించిన అయిదు పసుపు చుక్కలకు సాష్టాంగపడుచున్నారు. ఆకాశమందలి నక్షత్రములను నమ్ముట మూఢత్వమట, అద్దముమీది నక్షత్రములను నమ్ముట మాత్రము విజ్ఞానమట!

సరే, ఆ చుక్క ఎప్పుడు పడినది? నా వాదమంతయు ఈ ఒక్క ప్రశ్నలోనే యున్నది. సరకు ఇల్లు చేరిన నాడో మరునాడో, "పెట్టె చక్కగా ఉంది, త్వరగా వచ్చింది, ప్రింటు బాగుంది" అని మూడు ముక్కలు గిలికి, అయిదు చుక్కలు వేసి, కొన్నవాడు తన పనిలో మునిగిపోవును. కార్ట్రిడ్జి గుణము మొదటి పుటలో తెలియునది కాదు. మన దేశమున జెరాక్సు దుకాణములు మొదలు ప్లీడరు గుమాస్తాల బల్లలవరకు వ్యాపించిన 12ఏ టోనరునే తీసికొందము. ఎచ్‌పీ లేజర్‌జెట్ 1020కి తిండి అదియే. కానన్ ఎల్‌బీపీ 2900లో పెట్టు 303 దానికి తోబుట్టువు. దాని ఆయువు 2000 పుటలని చెప్పుదురు, అదియును పుటలో నూటికి 5 వంతుల మేర మాత్రమే నలుపు పడునను లెక్కతో. ఇట్టి లెక్కలను ఎవరికి తోచినట్లు వారు చెప్పుకొనకుండుటకై నలుపు లేజరు టోనర్లకు ఐఎస్ఓ/ఐఈసీ 19752 అనియు, ఇంకుజెట్లకు 24711 అనియు ప్రమాణములు ఏర్పడియున్నవి. రెండువేల పుటలు నడువవలసిన వస్తువునకు పదవ పుటవద్దనే యోగ్యతాపత్రము వ్రాసియిచ్చు ఈ పరీక్షకులను ఏ విశ్వవిద్యాలయము నియమించినదో నాకు తెలియకున్నది.

ఆ నల్లని డొల్లలో ఏమున్నదో ఒక్కమారు విప్పి చూచినవారికి నా మాట ఇట్టే బోధపడును. నడుమ డ్రమ్ము, దాని నానుకొని పలుచని రబ్బరు అంచుగల వైపర్ బ్లేడు, ఆ వెనుక వేస్ట్ టోనరు చేరు అర. కాగితమునకు అంటక డ్రమ్ముమీద మిగిలిన పొడిని ప్రతి చుట్టునకును ఆ బ్లేడు గీకి వెనుక అరలోనికి త్రోయుచుండును. అరిగిన డ్రమ్మును మార్చక, పాత బ్లేడునే తుడిచి, వేస్టును సగము దులిపి, ఎచ్చటి పొడియో నింపి, నిగనిగలాడు పెట్టెలో పెట్టి పంపినను, మొదటి నూరు పుటలు ముత్యములవలెనే వచ్చును. అసలు కథ తరువాత. బ్లేడు అంచు చిట్లినచో పుట నిడివెల్ల సన్నని నల్లగీత పడును. డ్రమ్ముపై గాటు పడినచో, ఆ డ్రమ్ము చుట్టుకొలత ఏడున్నర సెంటీమీటర్లు గనుక, సరిగా అంత ఎడముతో అదే మచ్చ పుట పొడవున మరల మరల తేలును. వేస్టు అర నిండి పొర్లినచో ప్రింటరు కడుపంతయు మసియగును. ఇవన్నియు ఏ ఆరువందలవ పుటవద్దనో బయటపడు రోగములు. అప్పటికి చుక్కలు పడి ఎన్నినాళ్ళయినదో!

మా వీధిలోని ఒక విశ్రాంతోద్యోగి ఇంట జరిగినది సరిగా ఇదియే. మనుమరాలి పెండ్లి శుభలేఖకు ముసాయిదా తీయబోగా, వధువు పేరుమీదుగా నిలువునా నల్లగీత పడినది. వాపసు గడువు ఎన్నడో తీరినది. అమ్మినవాని పేరు వెదుకగా ఆ పేరే ఆ అంగడిలో లేదు. అదే ఫొటో, అదే వెల, మరియొక పేరు, చెక్కుచెదరని అవే చుక్కలు! చుక్కలను నమ్మిన ఆ ఇంటివారికి పట్టపగలే చుక్కలు కనబడినవి. ఇల్లాలు మాత్రము, "ఆ గీతను అక్షింతలతో కప్పుదామా?" అని అడిగి మగని నోరు మూయించినది.

పోనీ, ఆ చుక్కలు ఆ అమ్మకందారునివందుమా, అదియును నిశ్చయము కాదు. పెద్ద అంగళ్ళలో ఒకే సరకు పేరిట పలువురు అమ్మువారుందురు. జనులు వ్రాసిన మెప్పులు సరకునకు అంటుకొనియుండును గాని అమ్మినవానికి గాదు. నిన్న ఒకడు మంచి సరకు పంపి ఆర్జించిన కీర్తిని, నేడు వేరొకడు తాలు సరకు పంపి అనుభవించును. అయిదు చుక్కలు వేసి ఫొటో పంపినచో కొంత సొమ్ము తిరిగి యిత్తుమని పెట్టెలో చీటీలు పెట్టువారి సంగతి లోకవిదితము. "అన్ని వేలమంది అబద్ధం చెబుతారా?" అని గదా ఆ యువకుని ధర్మసందేహము? చెప్పకున్నచో, భారతీయ ప్రమాణాల సంస్థ 2022 నవంబరులో ఆన్‌లైను సమీక్షలకొరకు ఐఎస్ 19000 అను ప్రమాణమును పనిగట్టుకొని ఏల వెలువరించినది? దొంగలు లేని ఊరికి తాళములెందుకు? పైగా ఆ ప్రమాణము ఇష్టమున్నవారు పాటించుటకై వెలువడినది. ఇష్టము లేనివారి మాట మనమే ఊహించుకొనవలెను.

ఇచ్చట కొంత ప్రక్కదారి పట్టుదును, పాఠకులు మన్నింతురుగాక. షాలిమారనగా వట్టి రైళ్ళ తావు కాదు, రంగుల తావు. షాలిమార్ పెయింట్స్ 1902లో ఈ హౌరాలోనే పుట్టినది. దాపుననే శిబ్‌పూరులో 1787నాటి వృక్షోద్యానము కలదు; 1793లో దానికి అధ్యక్షుడై వచ్చిన విలియం రాక్స్‌బర్గు, అంతకు మునుపు మన సామర్లకోటలో నుండి, అంకుడు చెట్టు ఆకులనుండి నీలిరంగు దిగు విధమును పరిశోధించినవాడు. ఏటికొప్పాక బొమ్మలు చేయు అంకుడు కర్ర ఆ చెట్టుదే. అతడు చెట్టుపేరు, అది పెరుగు చోటు, రంగు తీయు విధము అన్నియు తన పేరుమీద వ్రాసి నిలిచెను. ఆవలి యొడ్డున జాదవ్‌పూరులో సులేఖా మోడ్ అను కూడలి యున్నది. 1934లో మైత్ర సోదరులు స్వదేశీదీక్షతో ఆరంభించిన సులేఖ సిరా పేరు అది. మన రాజమహేంద్రవరమున 1932లో వెలసిన రత్నం పెన్నుల సంగతి తెలుగువారికి చెప్పనక్కరలేదు. సిరా కారినచో, పాళీ గీరినచో, ఎవరిముందు నిలిచి అడుగవలెనో కొన్నవానికి తెలియును. అడుగుదురని అమ్మినవానికిని తెలియును. నేటి కార్ట్రిడ్జి పెట్టెలమీది పేర్లు చూడుడు: ఏ భాషకును చెందక, నోరు తిరుగక, నాలుగు ఇంగ్లీషు అక్షరములు గుప్పెట పట్టి విసరినట్లుండును. ఆ పేరును ఏ కూడలికి పెట్టుకొందురు?

"కంపాటిబుల్ జోలికి పోకుము, ఒరిజినలే కొనుము, చింత తీరును" అని బోధించు మరియొక మఠము కలదు. ఒరిజినల్ పెట్టె అసలుదేనని ఎట్లు తెలియును? ఖాళీ కార్ట్రిడ్జీలను పెట్టెతో సహా కొందుమని తిరుగువారికి ఆ ఖాళీ పెట్టెతో పనియేమో ఈ మఠాధిపతులు ఎన్నడైన ఆలోచించిరా? పోనీ, తయారీదారుల ధర్మనిరతి యైనను చూతము. 2016 సెప్టెంబరు 13న ఎచ్‌పీవారి కొన్ని ఆఫీస్‌జెట్ ప్రింటర్లు, నిన్నటివరకు చక్కగా పుచ్చుకొన్న ఇతరుల కార్ట్రిడ్జీలను ఉన్నట్టుండి త్రోసిపుచ్చినవి. ప్రింటరు లోపలి ఫర్మ్‌వేరులో ముందుగనే పెట్టిన ఏర్పాటు ఆనాడు మేల్కొన్నది. గగ్గోలు పుట్టగా ఆ నెలలోనే కంపెనీ క్షమాపణ చెప్పినది. ఆ కార్ట్రిడ్జీలకు అంతకుముందు పడిన చుక్కలు ఏమయినవి? ఎచ్చటివచ్చటనే మెరయుచుండును! 2022 ఆరంభమున చిప్పుల కొరత వచ్చినప్పుడు కానన్‌వారు అసలుదానిని ప్రింటరు గుర్తుపట్టు చిప్పు లేని తమ టోనర్లనే పంపి, ప్రింటరు హెచ్చరించినను లెక్కచేయక ముందుకు సాగుడని జర్మనీలోని వినియోగదారులకు దారి చెప్పవలసివచ్చెను. చిప్పు లేకున్నను ముద్రణ ఆగదని వారి నోటనే తేలినది గదా! ఇక లెక్స్‌మార్కు అను ప్రింటర్ల కంపెనీ వ్యాజ్యమున, ఒకమారు అమ్మిన కార్ట్రిడ్జిమీద తయారీదారుని పేటెంటు హక్కు అంతటితో తీరిపోవునని 2017 మే 30న అమెరికా సర్వోన్నత న్యాయస్థానము తీర్పు చెప్పినది. కావున రీఫిల్లు చేయువానిని దొంగవలె చూచుట మానవలెను.

వెల తక్కువ, రేపే వచ్చును, డబ్బు ఇంటివద్ద ఇచ్చిన చాలును, అను తక్కిన వాదములకు ఇంత సిరా దండుగ. త్వరగా వచ్చినంతమాత్రమున మంచిది కాజాలదు. జ్వరము కూడ త్వరగానే వచ్చును. చాందనీ చౌక్‌లో మాత్రము మోసగాండ్రు లేరా అందురా? ఉందురు. కాని వారికి తలుపు ఉండును, ఆ తలుపు మరునాడు కూడ అచ్చటనే యుండును.

చట్టము ఈ విషయమున మన చుక్కలభక్తులకంటె తెలివైనది. వినియోగదారుల రక్షణకై 2020లో చేసిన ఈ-కామర్సు నియమములలో, అంగడి నడుపువారు అమ్మకందారుని గూర్చి తెలుపవలసినవి వరుసగా చెప్పబడినవి: మొదట వ్యాపారము పేరు, రిజిస్టరు అయినదో కాదో, చిరునామా, కస్టమర్ కేర్ నంబరు, రేటింగు ముచ్చట ఆ పిమ్మటనే. ఫిర్యాదు అందినట్లు 48 గంటలలో జవాబియ్యవలెను, నెల లోపల పరిష్కరింపవలెను. సరకు ఏ దేశపుదో చెప్పవలెను. ఇంత వ్రాసిపెట్టినను, ఆ వివరములు ఏ మూలనో నొక్కిన గాని కనబడని చిన్న అక్షరములలో నుండును. చుక్కలు మాత్రము నుదుట బొట్టువలె వెలుగుచుండును. మోసపోయినచో 1915కు ఫోను చేయవచ్చునని ఎరిగినవారెందరు?

మరి ఏమి చేయవలెనందురా? కలకత్తావారు చాందనీ చౌక్‌కు, మన హైదరాబాదువారు సికిందరాబాదులోని చెనాయ్ ట్రేడ్ సెంటరుకు పోయి, పిన్నులు తోసి, డొల్ల విప్పి, మీ కన్నులయెదుట వేస్టు దులిపి, డ్రమ్మును వెలుతురున త్రిప్పి చూపించి, పొడి నింపువానివద్ద నింపించుకొనుడు. ఆన్‌లైనున కొనక తప్పదందురా, చిరునామా చదువుడు, జీఎస్టీ బిల్లు ఇచ్చునో లేదో చూడుడు, కొనుటకు ముందే ఆ నంబరునకు ఫోను చేసి, "డ్రమ్ము కొత్తదా పాతదా? ఆరువందల పుటలకు గీత పడితే ఎవరితో మాట్లాడాలి?" అని అడుగుడు. ఫోను ఎత్తనివానికి చుక్కలు ఎన్నియున్నను దండము పెట్టి తొలగిపొండు. ఆన్‌లైను అంగళ్ళవారు సమీక్ష వ్రాయించునపుడు ఎన్ని పుటలు తీసితిరని ఒక్క ప్రశ్న జోడించి, పది పుటలవాని చుక్కను పది పుటల విలువకే లెక్కింతురా, అప్పుడు నేనును చుక్కలు లెక్కపెట్టుదును. అది ఎట్లు సాధ్యమో చూచుట వారి పని; మనము రాత్రి ఆర్డరు పెట్టినది తెల్లవారకమునుపే గుమ్మమున దింపగల నేర్పరులకు ఇది అసాధ్యమని చెప్పినచో నేను నమ్మను.