కరెంటు అన్న ఒక్క మాట చాలదు

తిరునిన్రవూరు మొదలుకొని తిరుత్తణి వరకు తెలుగు మాట్లాడే ఇండ్లలో విద్యుత్తుకు వాడుకలో ఉన్న పేరు కరెంటు. దీపం ఆరితే కరెంటు పోయిందంటాం, తీగ తాకితే కరెంటు కొట్టిందంటాం, రెండు నెలలకొకసారి కరెంటు బిల్లు కడతాం. ఇంటి వ్యవహారానికి ఈ మాట చాలు. శాస్త్రానికి చాలదు. ఈ భేదాన్ని మన పిల్లలకు తెలుగులోనే బోధించాలని నా అభిప్రాయం.

ఏమీ తగిలించని ప్లగ్గు పాయింటును చూడండి. స్విచ్చి వేసి ఉన్నది. అందులో కరెంటు ఉన్నదా అని అడిగితే ఏ విద్యార్థి అయినా ఉన్నదనే చెబుతాడు. శాస్త్ర పరిభాషలో అక్కడ విద్యుత్ ప్రవాహం లేదు. ఉన్నది 230 వోల్టుల పొటెన్షియల్ భేదం. చెయ్యి పెట్టిన మరుక్షణం ఆ భేదమే దేహం గుండా ప్రవాహాన్ని నడిపిస్తుంది. పుస్తకంలో ‘కరెంటు అనగా ప్రవాహం’ అని వల్లించిన పిల్లవాడు, ప్రవాహం లేనిచోట ప్రమాదమూ లేదని భావించవచ్చు. మాటలోని ఈ తికమక ప్రాణం మీదికి తేగలదు.

దీనిని విడదీసి చెప్పడానికి మేడమీది నీళ్ల ట్యాంకు చాలు. కుళాయి కట్టి ఉంచితే నీరు పారదు, కాని ఒత్తిడి ఉంటుంది. ఆ ఒత్తిడి వంటిది పొటెన్షియల్ భేదం. దాని కొలత వోల్టు. పారే నీటి వంటిది ప్రవాహం. దాని కొలత ఆంపియరు. సన్నని గొట్టం కలిగించే అడ్డు వంటిది నిరోధం. దాని కొలత ఓము. అయితే పోలికకు హద్దు ఉన్నదని కూడా చెప్పాలి. గొట్టం తెగితే నీరు కారిపోతుంది. తీగ తెగితే విద్యుత్తు కారిపోదు. వలయం పూర్తి అయితేనే ప్రవహిస్తుంది. నేలమీద నిలబడి తెగిన తీగను తాకినవాడు తన దేహంతోనే ఆ వలయాన్ని పూర్తి చేస్తాడు.

2006 నాటి తమిళ అభ్యసన చట్టం వచ్చిన పిమ్మట ఇక్కడి బడులలో తమిళం తప్పనిసరి పాఠ్యాంశమైనది. మిన్నోట్టం, మిన్నళుత్తం, మిన్‌తడై అన్న మాటలు మన పిల్లల చెవిన పడుతూనే ఉంటాయి. ఓట్టం అంటే పరుగు, అళుత్తం అంటే ఒత్తిడి, తడై అంటే అడ్డు. మన ప్రవాహం, నిరోధం కూడా ఇంత తేటగానే ఉన్నాయి. పొటెన్షియల్ భేదం మాత్రం పిల్లలకు కొరుకుడు పడదు. అక్కడ మిన్నళుత్తాన్ని పక్కన పెట్టి వివరిస్తే తెలుగుకు వచ్చే లోటు ఏమీ లేదు. తమిళంలో మిన్ అన్నా, మనం తీసుకున్న సంస్కృత పదం విద్యుత్ అన్నా మెరుపే కదా!

పై చదువులు ఇంగ్లీషులో ఉండగా ఈ శ్రమ ఎందుకని తల్లిదండ్రులు అడుగుతారు. వోల్టు, ఆంపియరు ఏ భాషలోనైనా అవే. వాటి వెనుక ఉన్న భావం మాత్రం ఇంటి భాషలో త్వరగా నాటుకొంటుంది. తెలుగును పద్యాలకే పరిమితం చేస్తే, ఆలోచనకు అది పనికిరాదని పిల్లలు నిర్ణయించుకొంటారు.

ఉపాధ్యాయ మిత్రులు తరగతి గోడమీద ఇంటి మాట, తెలుగు పుస్తకపు మాట, తమిళం, ఇంగ్లీషు నాలుగు వరుసలుగా వ్రాయించాలి. తల్లిదండ్రులు బిల్లు వచ్చిన రోజున పిల్లలను పక్కన కూర్చోబెట్టుకొని లెక్క వేయించాలి: 1000 వాట్ల ఇస్త్రీ పెట్టె గంటసేపు తీసుకొన్నది ఒక యూనిట్టు, 9 వాట్ల దీపం అదే యూనిట్టుతో సుమారు 111 గంటలు వెలుగుతుంది. ఈ లెక్క తెలుగులో చేయడానికి ఏ ప్రభుత్వ ఉత్తర్వూ అక్కరలేదు.