లేజర్ గన్ ఉంటే అమ్రాబాద్‌లో బోర్లు అక్కర్లేదా? నా ఒపీనియన్ ఇదీ

ఫోన్ల మధ్యలో ఈ రాళ్ల గోలేంటి అనుకోకండి. ఇది కూడా గ్యాడ్జెట్టే, పేరు లిబ్స్. 2023 ఆగస్టులో చంద్రయాన్-3 ప్రజ్ఞాన్ రోవర్ చంద్రుడి దక్షిణ ధ్రువం దగ్గర గంధకం ఉందని తేల్చింది దీంతోనే. అంగారకుడి మీద క్యూరియాసిటీ కూడా ఇదే పద్ధతిలో దాదాపు 7 మీటర్ల దూరం నుంచి రాళ్లను చదువుతుంది. ఇప్పుడిది చేతిలో పట్టే గన్‌గా కూడా వస్తోంది.

ఎలా పనిచేస్తుంది?

లేజర్ పల్స్ తగలగానే రాయి మీద కంటికి ఆననంత పదార్థం ఆవిరై ప్లాస్మా అవుతుంది. అందులోంచి వచ్చే వెలుగును స్పెక్ట్రోమీటర్ గీతలుగా విడదీస్తుంది. ఏ మూలకం గీతలు దానివే, ఫింగర్‌ప్రింట్ లాగన్నమాట. చుక్క పక్కన చుక్క కొట్టుకుంటూ పోతే ఏ మూలకం ఎక్కడుందో రంగుల మ్యాప్ తయారవుతుంది. ఒక్కో చుక్క ఒక్కో పిక్సెల్. చేతిలో పట్టే ఎక్స్‌ఆర్‌ఎఫ్ గన్‌కు అందని లిథియం కూడా దీనికి దొరికిపోతుంది.

మరి అమ్రాబాద్ సంగతి?

2019 మేలో కేంద్ర అటవీ సలహా కమిటీ, అమ్రాబాద్ టైగర్ రిజర్వ్‌లో 83 చదరపు కిలోమీటర్లలో యురేనియం అన్వేషణకు సూత్రప్రాయంగా ఓకే చెప్పింది. వేలల్లో బోర్లు వేయాలన్న ప్రతిపాదన అది. 'సేవ్ నల్లమల' అంటూ జనం కదిలారు. అదే ఏడాది సెప్టెంబర్‌లో తెలంగాణ అసెంబ్లీ దీనికి వ్యతిరేకంగా తీర్మానం చేసింది.

'ఇప్పుడు లేజర్ గన్‌లు వచ్చాయిగా, అడవికి దెబ్బ తగలకుండానే వెతకొచ్చు' అనే వాదన వినడానికి బాగుంటుంది. నేను మాత్రం ఒప్పుకోను. కారణం ఇక్కడి నేల. పక్కనే నల్లగొండలోని లంబాపూర్, పెద్దగట్టు, చిత్రియాల్‌లలో యురేనియం దొరికింది పాత గ్రానైట్‌కూ, దాని మీద పేరుకున్న శ్రీశైలం రాతి పొరలకూ మధ్య అతుకు దగ్గర. ఆ అతుకు గుట్టల కింద ఉంటుంది. లిబ్స్ చూసేది రాయి పైపొరనే. పైన నిలబడి ఎన్ని షాట్లు కొట్టినా తెలిసేది పై రాయి సంగతే.

ఇంకో మైనస్ ఉంది. యురేనియం గీతలు లెక్కలేనన్ని, ఒకదాని మీద ఒకటి ఎక్కేస్తాయి. కొద్ది మోతాదులో ఉంటే విడదీయడం కష్టం. ఈ బరువైన మూలకానికి ఎక్స్‌ఆర్‌ఎఫ్ గన్నే నయం.

లిబ్స్ అసలు బలం బోరులోంచి తీసిన రాతి కోర్‌ను మ్యాప్ చేయడంలో ఉంది. కానీ కోర్ రావాలంటే ముందు బోరు పడాలి. బోరు పడాలంటే రిగ్గు, రిగ్గు పోవడానికి దారి, నీళ్లు. ఆ దారి పులుల అడవిలోంచి, చెంచు పెంటల పక్క నుంచే పోవాలి.

నా సలహా ఒకటే. హైదరాబాద్‌లోనే ఉన్న అణు ఖనిజాల డైరెక్టరేట్ చుట్టుపక్కల ఇప్పటికే తీసిన కోర్లను ముందు ఇలాంటి మ్యాపింగ్‌తో మళ్లీ చదవాలి. దానికి ఒక్క చెట్టు కూడా కొట్టక్కర్లేదు. రేపు ఇదే ప్రతిపాదన కొత్త టెక్నాలజీ పేరుతో వస్తే మాత్రం గ్యాడ్జెట్ స్పెక్స్ చూసి మురిసిపోకండి. బోర్లు ఎన్ని, దారి ఎన్ని కిలోమీటర్లు, చెంచుల గ్రామసభ ఏమంది? ముందు ఈ మూడూ అడగండి.