ఫ్రీ లంచ్ మనకెందుకు?

"ఫ్రీ లంచ్ మనకెందుకండీ, అది లేనివాళ్లకి కదా!" అని కాలిఫోర్నియాకి కొత్తగా వచ్చిన ఒక తల్లి మొన్న నాతో అంది. ఈ మాట మన ఆడవాళ్ల నోట చాలాసార్లు విన్నాను. అందుకే ఈసారి ఈ కబురు.

లంచ్ ఖాతాలో డబ్బులు అయిపోతే పిల్లల చేతిలోని ట్రే లాక్కుని చెత్తబుట్టలో పడేసిన స్కూళ్లు ఈ దేశంలో ఉన్నాయి. చేతిమీద ముద్ర వేసి ఇంటికి పంపినవీ ఉన్నాయి. పెద్దవాళ్ల బాకీకి పిల్లలు తల దించుకోవాలన్నమాట! 2017లో న్యూ మెక్సికో దీన్ని నిషేధిస్తూ చట్టం చేసింది.

కోవిడ్ రోజుల్లో ఫెడరల్ ప్రభుత్వం అందరికీ ఉచితంగా పెట్టి, 2022లో ఆపేసింది. కాలిఫోర్నియా, మెయిన్ రాష్ట్రాలు మాత్రం తమ చట్టాలతో కొనసాగించాయి. కొలరాడోలో ప్రజలే 2022 నవంబరులో ఓటు వేసి తెచ్చుకున్నారు. 3 లక్షల డాలర్లు దాటిన ఆదాయాల మీద పన్ను మినహాయింపులు తగ్గించి ఆ ఖర్చు పెడుతున్నారు. 2023లో మినెసోటా, మిషిగన్, న్యూ మెక్సికో, వెర్మాంట్, మసాచుసెట్స్, 2025లో న్యూయార్క్ ఇదే బాట పట్టాయి. టెక్సస్ లాంటి చోట్ల ఇప్పటికీ ఇంటి ఆదాయం చూస్తారు.

అందరూ ఒకే లైన్లో నిలబడితే ఎవరు లేనివాళ్లో ఎవరికీ తెలియదు. ఈ చట్టాల అసలు విలువ అదే. మన పిల్లలు ఆ లైన్లో ఉంటే ఇంకో బిడ్డకి సిగ్గు తగ్గుతుంది.

"మావాడు శాకాహారి, ఏం తింటాడు?" అంటారా? చాలా స్కూళ్లలో భోజనంలోని ఐదు రకాల్లో మూడు తీసుకుంటే చాలు. వాటిలో ఒకటి పండో కూరగాయో కావాలి. మాంసం ముట్టకుండానే లెక్క సరిపోతుంది. బీన్స్, చీజ్, పెరుగు మాంసానికి బదులుగా చెల్లుతాయి. పాలు ఒక్కటే తీసుకుంటే మాత్రం డబ్బులు కట్టాలి.

ఇంకో మాట. కాలిఫోర్నియాలో భోజనం ఉచితమే కదా అని స్కూలు పంపే ఆదాయం ఫారం పక్కన పడేయకండి. తక్కువ ఆదాయం ఉన్న పిల్లల లెక్క దానితో తేలుతుంది, ఆ లెక్కని బట్టి స్కూలుకి రాష్ట్రం నిధులు వస్తాయి. మీల్స్ అప్లికేషన్‌లో వీసా సంగతి అడగరు, భయం అక్కర్లేదు.

శాకాహారం వారానికి ఒక్కరోజే పెడుతుంటే నలుగురు తల్లులు కలిసి జిల్లా న్యూట్రిషన్ ఆఫీసుకి ఈమెయిల్ రాయండి. అడిగే హక్కు మనకీ ఉంది.