వార్డెను సంతకం

పాఠక మహాశయులకు ముందుగా నా దోషమొకటి విన్నవించుకుంటాను. గురుకులం విడిచి బిచ్కుందలో వైద్యం ఆరంభించిన తొలి సంవత్సరాలలో, కీళ్ళనొప్పులతో ఏళ్ళతరబడి బాధపడుతున్న ఒక రైతుకు నల్లజీడి గింజలతో చేసిన లేహ్యం ఇచ్చాను. చాకలివారు బట్టలకు గుర్తు పెట్టే గింజ అదే. శోధన సక్రమంగా చేశాను, మోతాదూ సరియైనదే. కాని అందులో ఏమున్నదో అతనికి చెప్పలేదు. చెప్పినా అతనికేమి తెలుస్తుందన్న యౌవన గర్వం! నాలుగవ నాడు ఒళ్ళంతా దద్దుర్లతో, మంటతో తిరిగి వచ్చాడు.

"జీడి అని ఒక్క మాట చెప్తే వద్దంటుంటి గదా పంతులూ! చిన్నప్పుడు దాని రసం తగిలితేనే నాకు ఒళ్ళు పొంగింది" అన్నాడు.

మందు పేరు రోగి చెవిన వేయకుండా చేతిలో పెట్టరాదని మా గురువుగారి నియమం. అది మర్యాద కొరకనుకున్నాను. అది రోగ పరీక్షలో భాగమని ఆ రైతు నేర్పాడు. తన శరీరాన్ని గురించి రోగికి తెలిసినది వైద్యునికి తెలియదు. అడిగితేనే బయటపడుతుంది.

భద్రాచలం వ్యవహారం నన్ను ఈనాటికీ వేధించడానికి కారణం ఇదే. 2009లో అప్పటి ఖమ్మం జిల్లాలోని భద్రాచలం, కొత్తగూడెం, తిరుమలాయపాలెం మండలాలలో పది నుండి పద్నాలుగేళ్ళ బాలికలు సుమారు 14,000 మందికి గర్భాశయ ముఖద్వార క్యాన్సరును నివారించే టీకా వేశారు. పాత్ అనే అమెరికా సంస్థ, భారత వైద్య పరిశోధన మండలి, రాష్ట్ర ప్రభుత్వం కలిసి నడిపిన పథకమది. ఆ బాలికలలో వసతిగృహాలలో చదివే గిరిజన బిడ్డలు అనేకులు. గుజరాతులో జరిగిన పథకాన్ని కూడా కలిపితే ఏడుగురు బాలికలు మరణించారు. 2010 ఏప్రిల్‌లో కార్యక్రమం నిలిపివేశారు. ఆ మరణాలకు టీకాతో సంబంధం ఉండకపోవచ్చునని విచారణ సంఘం చెప్పింది. దానిని నేను కాదనను. టీకా మీద నాకు వైరం లేదు, అనేక దేశాలలో అది ఆడపిల్లలకు మేలు చేస్తున్నది.

నా ఆక్షేపణ సంతకాల మీద. 2013 ఆగస్టులో పార్లమెంటు స్థాయీ సంఘం ఇచ్చిన నివేదికలో, మన రాష్ట్రంలో పరిశీలించిన 9,543 అంగీకార పత్రాలలో 1,948 వేలిముద్రలు కాగా, 2,763 పత్రాలపై వసతిగృహ వార్డెన్ల సంతకాలున్నాయి. ఈ పిల్లకు పసితనంలో మూర్ఛ వచ్చిందా, ఏ మందైనా పడలేదా అన్నది కన్నతల్లికి తెలుస్తుంది. వార్డెనుకు ఎట్లా తెలుస్తుంది? పైగా దానిని ప్రయోగమనక "ప్రదర్శన పథకం" అన్నారు. పేరు మారిస్తే ప్రయోగాలకు విధించిన నిబంధనలు వర్తించవన్నమాట.

అది ఒక్కటే అయితే పోనీ అనుకోవచ్చు. 2011లో పిడుగురాళ్ళ ప్రాంతపు నిరుపేద స్త్రీలను డబ్బాశ చూపి హైదరాబాదుకు తరలించి క్యాన్సరు మందును పరీక్షించిన సంగతి పత్రికలకెక్కింది. 2017లో జమ్మికుంట పేరు వినిపించింది. ఔషధ పరిశ్రమకు రాజధానిగా పేరొందిన హైదరాబాదు చుట్టూనే ఇదంతా!

ప్రయోగానికి లోనయ్యే వ్యక్తి అంగీకారాన్ని దృశ్య, శ్రవణ రూపంలో నమోదు చేయాలని 2013లో నిబంధన వచ్చింది. 2015లో దానిని కుదించారు. నిస్సహాయ వర్గాల వారిపై, అదీ కొత్త రసాయన ద్రవ్యాలను పరీక్షించేటప్పుడు మాత్రమే తప్పనిసరి అన్నారు. మిగిలిన వారికి కాగితం చాలు. ఖర్చు పెరుగుతుందని పరిశ్రమ వాదన. మా బిచ్కుందలో తెలుగు, మరాఠీ, కన్నడం మూడూ మాట్లాడే రోగులు వస్తారు. ఏ భాషవారికి ఆ భాషలో బిగ్గరగా చదివి వినిపించి, ఇంటివారితో ఆలోచించుకొనేందుకు ఒక రాత్రి గడువిచ్చి, మరునాడు అడగడానికి అయ్యే ఖర్చెంత? ఆ నిబంధన అందరికీ వర్తింపజేయాలి. పసివారి విషయంలో తల్లిదండ్రుల స్థానంలో ఉద్యోగి సంతకం చెల్లదని స్పష్టంగా వ్రాయాలి.

ఇక మనవారి మాట. కీళ్ళనొప్పులకని పొట్లాలలో పేరులేని చూర్ణాలు అమ్మేవారు ఆయుర్వేదం పేరు చెప్పుకుంటూనే ఉన్నారు. మూడు నాళ్ళలో నొప్పి మాయమై, మూడు నెలలలో ముఖం ఉబ్బి వచ్చిన వారిని నేను చూశాను. అందులో స్టెరాయిడ్ కలిసి ఉండవచ్చునని అనుమానించి పెద్దాసుపత్రికి పంపాను. ఉన్నట్టుండి మానడం కూడా ప్రమాదమే కదా. ఆయుర్వేద ఔషధాలపైనా ద్రవ్యాల పేర్లు ముద్రించాలని చట్టమున్నది. పొట్లం కట్టి ఇచ్చేవారు దానిని లెక్కచేయరు. వార్డెను సంతకాన్ని తప్పుపట్టే నోరు మన పొట్లాల విషయంలో మూతబడితే ఎవరు నమ్ముతారు?

నా వద్ద ఇప్పుడు ప్రతి పొట్లంపైనా ద్రవ్యాల పేర్లు వ్రాసి ఉంటాయి. చదువురాని వారికి మా అబ్బాయి చదివి వినిపిస్తాడు. మొన్న ఒక అమ్మ "శొంఠి ఉన్నదా? అయితే నాకు కడుపులో మంట లేస్తది" అన్నది. మార్చి ఇచ్చాను.